గంటా ఐదు నిమిషాలు

విమానం తలుపు మూసేశారు. బుచ్చిరాజు గడియారం చూసుకున్నాడు. పదకొండూ పది. దానికి గంటా ఐదు నిమిషాలు కలిపితే పన్నెండుంపావు. హైదరాబాదులో దిగాక ఆసుపత్రికి గంట పడుతుందని అల్లుడు హర్ష నిన్న సాయంత్రం ఫోనులో చెప్పాడు. అంటే ఒకటింపావు. కూతురు దుర్గాశ్రీని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేది ఒంటిగంటకి. పావుగంట చాలడం లేదు. పొద్దుటి నుంచీ ఈ లెక్క ఎన్నిసార్లు వేశాడో. నాలుగున్నరకి ఇంట్లోంచి బయలుదేరినప్పుడు రెండు గంటలు మిగిలింది. ఇక్కడ మధురపూడి విమానాశ్రయంలో మంచు పట్టి, హైదరాబాదు నుంచి రావలసిన విమానమే రాలేదన్నప్పుడు గంటన్నర, గంట, అరగంట. ఇప్పుడు మిగలకపోగా ఇంకా కావాలి. దుర్గాశ్రీకి గొంతులో గడ్డ. తీసి చూస్తేగాని అదేమిటో చెప్పలేమన్నారట. మాట పలికించే నరం దాని పక్కనే ఉంటుందనీ, ఎంత జాగ్రత్తగా తీసినా ఒక్కోసారి గొంతు మారిపోతుందనీ, ఒక్కోసారి అసలు రాదనీ కూడా అన్నారట. "దుర్గ మీకు చెప్పొద్దందండి మామయ్యగారూ, నాకే ఉండబట్టలేదు" అన్నాడు హర్ష. బుచ్చిరాజు "ఊఁ" అన్నాడు. మూడేళ్ళుగా ఆ ఇంటి నుంచి వచ్చే ఫోనుకి అతను చెప్పే జవాబు అదే. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి దుర్గాశ్రీ చేస్తుంది. తిన్నారా నాన్నగారండీ, బీపీ మాత్ర వేసుకున్నారా. ఆ. ఊఁ. పెట్టేస్తున్నా. నలభై సెకన్లు. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపిస్తే తెరవడు. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఇంకొకటి వచ్చింది, ఒక నిమిషం పన్నెండు సెకన్లది. దాన్నీ తెరవలేదు. కోపంతో కాదు ఈసారి. రావద్దని చెప్పి ఉంటుంది. వింటే ఇక వెళ్ళడానికి ఉండదు. వినకపోతే వెళ్ళొచ్చు. నలభై సెకన్లకే తెంపేస్తూ వచ్చిన ఆ గొంతు, ఒంటిగంట దాటాక మళ్ళీ ఆ గొంతుగానే ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాడు, అందర్నీ కట్టెయ్యమన్నారు కాబట్టి.

కిటికీలోంచి రెక్క కనిపిస్తోంది. రెక్క కింద పంకా, ఆరు ఆకులది. మొదట ఒక్కో ఆకునీ లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరిగింది. తరవాత ఆకులు కలిసిపోయాయి. తరవాత ఆకులే లేవు, గాలిలో గాజు పళ్ళెం నిలబెట్టినట్టు ఒక మెరుపు, అంతే. అతని చెరువుల్లో ఏరేటర్లకీ పంకాలుంటాయి, రొయ్యలకి గాలి అందడానికి నీళ్ళని చిలుకుతుంటాయి. ఏడాదికి రెండు మోటార్లు కాలతాయి. ఆకు విరుగుతుంది, బేరింగు ఏడుస్తుంది. ఈ పంకా ఏడవడం లేదు. ఒక్క గొంతుతో, ఎక్కడా తడబడకుండా పాడుతోంది. దీన్ని చేసినవాడెవడో గాని పని తెలిసినవాడు అనుకున్నాడు. బుచ్చిరాజు ఎవరినైనా మెచ్చుకుంటే వాడే మాట అదొక్కటే, దాన్ని కూడా ఏళ్ళ తరబడి ఎవరికీ ఇవ్వలేదు. పక్క సీటులో కూర్చున్నావిడ, అరవై దాటి ఉంటాయి, ఒళ్ళో పూతరేకుల పెట్టెలు, చాలాసేపటి నుంచి అతన్నే చూస్తోంది.

"ఏవండీ, మొదటిసారాండీ?"

"ఆయ్."

"బెల్టు అలాక్కాదండి, నడుం మీదికి లాగాలండి. నాది ఏడోసారండి. మా పెద్దమ్మాయి కానుపు దగ్గర నుంచి ఎక్కుతూనే ఉన్నాను. తులసి అంటారండి, రాజోలు మాది. మీది చెరువులాండీ?"

"ఎలా తెలిసింది?"

"పంకా వైపు అలా చూస్తున్నారు కదండీ. కరెంటు పోయినప్పుడు మా మరిదిగారు ఏరేటర్ల వైపు చూస్తారండి అలాగ."

నవ్వు వచ్చింది గాని బయటికి రానివ్వలేదు, అలవాటు తప్పిపోయింది. ముందు వరుస దగ్గర ఎయిర్‌హోస్టెస్ నిలబడి బెల్టు ఎలా పెట్టుకోవాలో, నీళ్ళలో పడితే ఏం ఊదాలో, తలుపులు ఎటున్నాయో చేతులతో చూపిస్తోంది. చూసేవాడు లేడు. అందరూ ఫోన్లలో ఆఖరి మాటలు పంపించుకుంటున్నారు. ఆ పిల్ల మాత్రం ఒక్క సైగ కూడా మింగెయ్యలేదు. రోజుకి ఎన్నిసార్లు చూపిస్తుందో అంతసార్లూ ఇలాగే చూపిస్తుందని ఆ చేతుల్లోనే తెలుస్తోంది. ఇలాంటి చేతులు ఇంకొకరివి చూశాడు. భార్య అచ్చాయమ్మవి. హేచరీ నుంచి సీడు, అంటే రొయ్య పిల్లల్ని తెచ్చేటప్పుడు ఆవిడ వ్యాను ముందు సీటులో కూర్చునేది కాదు. వెనక, ఆక్సిజన్ కొట్టిన కవర్ల మధ్య కూర్చుని, ఒక్కో కవరు మూతికి వేసిన రబ్బరుబ్యాండు వేళ్ళతో తడిమి, ఒక్కో కవరు పొట్ట మీద అరచెయ్యి పెట్టి వేడి చూసేది. మొదటి కవరుకి ఎంతసేపు చెయ్యి పెట్టేదో నూట అరవయ్యో కవరుకీ అంతే. చాల్లే, అన్నీ ఒక్కటే కదా అనేవాడు తను. "దేని వేడి దానిదండీ" అనేది.

నేల వదిలింది. ఎక్కడ వదిలిందో పట్టుకుందామనుకున్నాడు, దొరకలేదు. గోదారి దాటించే పంటు రేవు వదిలేటప్పుడు కాళ్ళకి తెలుస్తుంది, చెక్కలు గుంజుకుంటాయి, ఇంజను దగ్గుతుంది, గట్టు వెనక్కి పోతుంది. ఇది ఏమీ చెప్పకుండానే వదిలేసి, చెప్పకుండానే పక్కకి ఒరిగి, కిటికీ నిండా గోదారిని పోసింది. మంచు విడిచిపోయింది. రాజమండ్రి బ్రిడ్జిలన్నీ నీళ్ళ మీద గీతలు గీసినట్టున్నాయి. దూరంగా ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద గోదారి పాయలుగా విడిపోవడం. చిన్నప్పుడు బడిలో గోడ మీద పటంలో చూసినది నిజంగా అలాగే ఉంది! వేసినవాడు విమానం ఎక్కకుండానే వేశాడే అని ఆశ్చర్యపోయాడు. పాయల మధ్య కోనసీమ. ఆకుపచ్చ అంటే ఇంత ఆకుపచ్చా? కింద ఉన్నప్పుడు కొబ్బరి చెట్టు వేరు, అరటి వేరు, వరి వేరు, గట్టు మీద గడ్డి వేరు. ఇక్కడ నుంచి ఒక్కటే ముద్ద, అందులో సముద్రం వైపుకి వెళ్ళేకొద్దీ అద్దం ముక్కలు పొదిగినట్టు చెరువులు, ఎండకి ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోతున్నాయి. వాటిలో తనవి ఎక్కడో. ముప్పై ఏళ్ళు తను నిద్ర లేకుండా కాపలా కాసినవి, కంట్లో నలకంత కూడా లేవు. బాధ కలగాలి గాని కలగలేదు. చాలా బాగుంది అనుకున్నాడు. అంత మాట తన లోపలి నుంచి వచ్చినందుకు కొంచెం సిగ్గుపడి, అచ్చాయమ్మ చూసి ఉంటే, అని వాక్యం మొదలుపెట్టి వదిలేశాడు. ముమ్మిడివరం, అమలాపురం, కొత్తపేట, రావులపాలెం, పొద్దున్న కారులో మూడు గంటల పైన పట్టిన దారి అంతా తులసి గారు పూతరేకుల పెట్టెలు సర్దుకునేలోపు కిటికీ ఈ మూల నుంచి ఆ మూలకి జారిపోయింది. ఆ మూడు గంటలు దేంట్లోకి వస్తాయి? గంటా ఐదు నిమిషాల్లోకి రావు. విమానాశ్రయం లోపల కూర్చున్న మూడున్నర గంటలూ రావు.

లోపలికి వెళ్ళేచోట సంచి తనిఖీ చేసిన అమ్మాయి కురిడీ కాయ బయటికి తీసింది. పోయిన నెల వాడపల్లి వెంకన్న దగ్గర పెట్టి తెచ్చి దాచుకున్న ఎండు కొబ్బరికాయ, దుర్గాశ్రీ మంచం దగ్గర ఉంచుదామని. ఇది తీసుకెళ్ళకూడదండీ అంది. కోనసీమవాణ్ణి కొబ్బరికాయ తీసుకెళ్ళకూడదనడమేంటి, బాంబా ఇది అని చేతులెత్తి అరిచాడు. వెనక వరుస ఆగిపోయింది. "దీనిలో నూనె ఉంటుందండీ, మంట అంటుకుంటే ఆగదు" అంది అమ్మాయి, గొంతు పెంచకుండా. ఆ మాటకి బుచ్చిరాజు చేతులు దించేశాడు. నిజమే. ఎలా మండుతుందో తను చూశాడు. మూడేళ్ళ కిందట గోదారి ఒడ్డున, చితి కట్టెలు పచ్చిగా ఉన్నాయని ఎవరో కురిడీ చిప్పలు బస్తాలతో తెచ్చి పోస్తే, పొడుగ్గా, పసుప్పచ్చగా, ఒక్కసారిగా లేచిన ఆ మంట. మూడింటికి అంటించినది నాలుగున్నరకే కిందికి దిగిపోయింది. చిప్పలు పొయ్యకపోతే ఐదున్నరకి కూడా ఏదో కొంత ఉండేది.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి కుళాయి దగ్గర బిందె కింద పెట్టి, అలాగే పక్కకి కూర్చున్నట్టు కూర్చుని పోయింది అచ్చాయమ్మ. కారు వచ్చేసరికే అయిపోయింది. ఆరున్నరకి దుర్గాశ్రీకి ఫోను చేశాడు. అటు వైపు ఒక్క శబ్దం వచ్చింది, ఏడుపు కాదు, ఊపిరి లోపలికి పీల్చి వదలకపోతే వచ్చేది. "వస్తున్నానండి" అంది. అతను అరుగు మీద కూర్చుని ఫోనులో అడిగాడు, హైదరాబాదు నుంచి రాజమండ్రికి విమానం ఎంతసేపు అని. తెల్లటి తెర మీద రెండు అంకెలు వచ్చాయి. దూరం మూడువందల అరవై కిలోమీటర్లు. ప్రయాణ సమయం గంటా ఐదు నిమిషాలు. ఎనిమిదో తరగతి దాకా కాలమూ దూరమూ లెక్కల్లో అతనికి ఎదురు లేదు, వరప్రసాదం మాస్టారు బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేలోపే జవాబు చెప్పేవాడు. ఆ లెక్కల్లో రైలుబండికి గేటు పడదు. సీట్లు నిండిపోవు. మంచు పట్టదు. లారీ అడ్డం తిరగదు. ఆ అంకెల్ని అతను వాకిట్లో వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. గంటా ఐదు నిమిషాలేనండి, పదింటికల్లా వచ్చేస్తుంది. పదయింది. పన్నెండయింది. అందరూ రోడ్డు వైపు చూడడం, అతని వైపు చూడకపోవడం. దుర్గాశ్రీ ఫోను మోగదు, మోగితే మాట తెగిపోతుంది. రెండింటికి పెద్దలు పొద్దు పోతోందన్నారు. తీసెయ్యండి అన్నాడు. ఆ మాట అన్నది తనే. ఐదున్నరకి ఆమె సరాసరి ఒడ్డుకే వచ్చింది. ఆడపిల్ల ఇక్కడికి రాకూడదని ఎవరో గొణిగారు గాని ఆపలేదు, ఆ మొహం చూశాక ఎవరూ ఆపరు. నిప్పుల దగ్గర నిలబడింది. అప్పుడు బుచ్చిరాజు అందరూ వినేలా అన్నాడు.

"గంట దూరం. పదకొండు గంటలు పట్టిందేంటమ్మా నీకు?"

ఆమె జవాబు చెప్పలేదు. నిప్పుల్నే చూసింది. ఇంటికి వచ్చి, తల్లి కూర్చుని పోయిన కుళాయి దగ్గరే చాలాసేపు కాళ్ళు కడుక్కుంది. నీళ్ళు ఎర్రగా పోయాయి. చూశాడు. చెప్పులు లేకుండా వచ్చిందే అనుకున్నాడు, తల్లి మీద భక్తి అనుకున్నాడు, అంతకుమించి అనుకోవడానికి ఒప్పుకోలేదు. జవాబు లేదంటే తప్పు ఉన్నట్టే అని తేల్చేశాడు. తేల్చింది తనలోనే, ఎవరికీ చెప్పలేదు, చెబితే ఎవరైనా కాదనేవారు. రాయి గొంతులో పెట్టుకున్నట్టు పెట్టుకుని మూడేళ్ళు తిరిగాడు. ఇప్పుడు గడ్డ ఆమె గొంతులో వచ్చింది.

"కాఫీ తాగండీ" అంది తులసి. "ఇదిగోండి, చూడండి, చుక్క ఒలకలేదు. మా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే సగం చీర మీదేనండి."

నిజంగానే ఒలకలేదు. కప్పులో కాఫీ అద్దంలా నిలబడింది. కింద మబ్బులు, మబ్బుల సందుల్లో ఏదో ఊరు, ఏదో కొండ, పేరు తెలియని వాగు. ఇంత ఎత్తున ఇంత వేగంగా పోతూ, కాఫీ కదలకుండా. నడిపే మనిషి చేతులు ఎలా ఉంటాయో. సీడు వ్యాను నడిపేవాళ్ళకి అచ్చాయమ్మ ఇదే చెప్పేది, గోతుల దగ్గర మెల్లిగా బాబూ, లోపల ప్రాణాలున్నాయి అని. హేచరీ వాళ్ళు ఎన్నింటికి బయలుదేరుతారండీ అని తొందర పెడితే, ఆవిడ అడిగేది వేరు. మొదటి కవరు ఎన్నింటికి కట్టేరండీ అని అడిగేది. అక్కడ నుంచి లెక్క ఆవిడకి. వ్యాను కదిలిన దగ్గర నుంచి కాదు, మూతి కట్టిన దగ్గర నుంచి. గట్టుకి చేరినా లెక్క అయిపోదు. కవర్లని విప్పకుండానే చెరువు నీళ్ళ మీద వదిలి తేలనివ్వాలి. లోపలి నీళ్ళ వేడీ బయటి నీళ్ళ వేడీ ఒక్కటవ్వాలి. అప్పుడు మూతి విప్పి, చెరువు నీళ్ళు దోసెడు దోసెడు కలుపుతూ, సీడు తనంత తాను బయటికి ఈదేదాకా ఆగాలి. అందరూ అరగంట ఆగితే ఆవిడ గంట ఆగేది, మోకాళ్ళ లోతు నీళ్ళలో, చీర కుచ్చిళ్ళు దోపుకుని. ఒక ఏడు అటు మబ్బు కమ్ముకొస్తోంది, గట్టు మీద తను నిలబడలేకపోతున్నాడు. ఏంటింకా, వచ్చేసేం కదా అని అరిచాడు. అచ్చాయమ్మ తలెత్తలేదు.

"మనం వచ్చేసేమండి. అవింకా రాలేదు."

తను వినలేదు. నీళ్ళలోకి దిగి కత్తి పెట్టి కవర్లు వరసగా కోసేశాడు. మర్నాడు గట్టు వారంతా సీడు తెల్లగా తేలింది. జల్లెడతో ఎత్తి చూస్తే ఒక్కటీ కదల్లేదు. అచ్చాయమ్మ ఒక్క మాట అనలేదు. ఖాళీ కవర్లు కడిగి తీగ మీద ఆరేసింది. ఆ మౌనాన్ని ఇన్నేళ్ళూ మంచితనం అనుకున్నాడు. అదే మౌనం కూతురు పాటిస్తే తప్పు అనుకున్నాడు. సీడు విషయంలో ఎవడైనా వచ్చి, వ్యాను దారి మూడు గంటలేనండి అంటే, ఎన్నింటికి కట్టేరో చెప్పు ముందు అని వాడి మొహం మీదే అడిగేవాడు. కూతుర్ని అడగలేదు. ఎన్నింటికి బయలుదేరావు, ఎలా వచ్చావు, ఎక్కడ ఆగిపోయావు. మూడు ప్రశ్నలు. ఏ డ్రైవరునైనా అడిగేవి.

ఆ జవాబు పొద్దున్న దొరబాబు చెప్పాడు, అడగకుండానే. ఊళ్ళో కారు అద్దెకి తిప్పే దొరబాబు. రావులపాలెం దాటి గౌతమి బ్రిడ్జి ఎక్కాక, మంచులో లైట్లు వేసుకుని మెల్లిగా పోతూ, "ఇక్కడేనండి" అన్నాడు.

"ఏంటి ఇక్కడ?"

"అదేనండి, అమ్మగారు పోయిన రోజు. లారీ అడ్డం తిరిగిపోయి బళ్ళన్నీ జొన్నాడ అవతల దాకా ఆగిపోయేయండి. దుర్గాశ్రీ గారు కారు దిగి ఈ బ్రిడ్జంతా నడిచొచ్చేసేరు. నడిచేరంటే నడవడం కాదండి, పరుగే. దొరబాబూ, బండి తీసుకుని ఈ చివర నిలబడవా అని ఫోను చేసేరు. వచ్చేసరికి ఒక చెప్పు తెగిపోయింది, రెండోది గోదాట్లో పారేసేరంట. రాజమండ్రి విమానంలో సీటు లేక విశాఖపట్నం దాకా ఎగిరి, అక్కణ్ణించి కారండి. దార్లో మంచినీళ్ళు కూడా తాగలేదండావిడ. బండి వెనక కూర్చుని ఒకటే మాట, నాన్నగారు ఆపుతారులే దొరబాబూ, నేనొచ్చేదాకా ఆపుతారులే అని."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదండీ." కొంచెం ఆగి, దొరబాబే మళ్ళీ అన్నాడు. "అడిగేలాగా కూడా లేరండి మీరు. ఆయ్."

ఆపుతారులే. బుచ్చిరాజు కిటికీకి నుదురు ఆనించాడు. అద్దం చల్లగా ఉంది. పంకా అదే గొంతుతో పాడుతోంది. పన్నెండూ ఇరవై. నేల దగ్గరికి వచ్చింది, రోడ్లు, మేడలు, మెరిసే కార్లు కూడా కనిపిస్తున్నాయి, ఇంకేముంది అనుకున్నాడు. అంతలో రెక్క పక్కకి వాలింది. మేడలన్నీ తిరిగి వెనక్కి వెళ్ళిపోయాయి. స్పీకర్లో నడిపే మనిషి ఏదో చెప్పింది. ఆడ గొంతు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని ఆ గొంతులో కంగారు లేదన్నది అర్థమయింది.

"దిగడానికి ఖాళీ లేదంటండీ" అంది తులసి. "ముందు ఇంకా నాలుగు విమానాలున్నాయంట. తిప్పుతారు. ఏం భయం లేదండి, పోయినసారి ఇరవై నిమిషాలు తిప్పేరు."

"ఒంటిగంటకి మా అమ్మాయికి ఆపరేషనండి" అన్నాడు బుచ్చిరాజు. ఎందుకు చెప్పాడో తెలియదు. మూడేళ్ళలో పరాయి మనిషికి చెప్పిన మొదటి ఇంటి మాట.

తులసి గారు అతని వైపు తిరిగింది. పూతరేకుల పెట్టె ఒకటి తీసి అతని ఒళ్ళో పెట్టింది. "అమ్మాయికివ్వండి" అంది, అంతే.

విమానం తిరుగుతోంది. అదే చెరువు, అదే రాళ్ళ గుట్ట, అదే పొడుగు రోడ్డు, మళ్ళీ అదే చెరువు. ఊరు కింద కనిపిస్తూ ఉంది, అంతలో ఉంది, చెయ్యి చాపితే. మనం వచ్చేసేమండి, అవింకా రాలేదు. ఆ రోజు విశాఖపట్నంలో దిగిన పిల్ల కూడా ఇలాగే గడియారం చూసుకుని ఉంటుంది. తుని, అన్నవరం, రాజానగరం, ప్రతి ఊరు దగ్గరా లెక్క వేసుకుని ఉంటుంది, మిగిలేది తగ్గిపోతూ. జొన్నాడ దగ్గర బళ్ళ వరస చూసి ఏమయిపోయి ఉంటుంది? తనైతే అక్కడే కూలబడేవాడు. ఆమె తలుపు తీసుకుని దిగింది. సీటు లేదంటే ఇంకో ఊరికి ఎగిరింది, దారి లేదంటే నడిచింది, చెప్పు తెగితే రెండోది పారేసింది. ఇంత చేసి వచ్చిన మనిషి, అందరి మధ్యా ఆ మాట పడితే, ఇన్ని ఉన్నాయి చెప్పడానికి, ఒక్కటీ చెప్పలేదు. తండ్రి చెయ్యి మంట పెట్టిన రోజున ఆ చేతికి ఇంకో బరువు పెట్టకూడదనుకుందేమో. బుచ్చిరాజు తనకి తెలిసిన మనుషులందరినీ వరసగా నిలబెట్టి చూశాడు. అంత పని చెయ్యగలిగినవాళ్ళు ఒక్కరు కనిపించలేదు. తనైతే అసలే కాడు. రెక్క మెల్లిగా లేచి సమంగా అయింది. పంకా శబ్దం తగ్గింది. చక్రాలు దిగాయి. నడిపే పిల్ల నేలని తగిలించిందో లేదో తెలియనంత మెత్తగా తగిలించింది. పని తెలిసిన పిల్ల, అన్నాడు పైకే. ఎవరిని అన్నాడో తులసి గారు అడగలేదు.

పన్నెండూ నలభై ఎనిమిది. అందరూ లేచి నిలబడ్డారు, సంచులు దింపుకుంటున్నారు. బుచ్చిరాజు లేవలేదు. గంట ప్రయాణం ఇంకా ఉంది, పన్నెండు నిమిషాలు మిగిలాయి. ఈ లెక్కకి వరప్రసాదం మాస్టారి దగ్గర కూడా జవాబు లేదు. ఫోను వెలిగించాడు. తెరవని మాట అలాగే ఉంది, ఒక నిమిషం పన్నెండు సెకన్లు. రావద్దనే ఉంటుంది. వచ్చేశాడు కదా, ఇక అన్నా ఏం కాదు. గొంతు ఒక్కసారి వినాలి. నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నాన్నగారండీ, హర్ష మీకు చెప్పేసేడంట. చెప్పొద్దన్నాను గాని, చెప్పేకా రావొద్దని నేనెందుకంటానండి, రండి. పరిగెత్తి మాత్రం రాకండి. ఒంటిగంట అన్నాడంట మీతో. అది మారిపోయిందండి. డాక్టరు గారిని బతిమాలి నన్ను ఆఖరిని పెట్టించుకున్నాను, నాలుగున్నరకి. విమానం గంటే గాని, ఇంటి దగ్గర నుంచి ఇక్కడికి మీకు పది గంటలు పడుతుందండి. నాకు తెలుసు. మంచు పట్టినా, బ్రిడ్జి మీద ఆగిపోయినా సరిపోయేలాగే లెక్క వేసేను. దిగేకా గబుక్కున లేవకండి, అందర్నీ దిగనివ్వండి. మాత్ర వేసుకోండి. కురిడీ కాయ తెస్తారేమో, తేకండి, లోపలికి రానివ్వరు. ఉంటానండి."

గొంతు కొంచెం బొంగురుపోయింది. మిగతాదంతా అదే. వాకిట్లోంచి నాన్నగారండీ అని పిలిస్తే చెరువు గట్టు దాకా వినిపించిన గొంతు. బుచ్చిరాజు చేతివేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. పొద్దున్న నాలుగున్నరకి ఇంటికి తాళం వేశాడు. ఇక్కడ నుంచి గంటన్నర వేసుకున్నా రెండున్నర లోపు. పది గంటలు. నిమిషం తేడా లేకుండా చెప్పింది. విమానం ఎగిరిన దగ్గర నుంచి కాదు, తలుపుకి తాళం వేసిన దగ్గర నుంచి లెక్క వేసింది. తల్లి నేర్పిన లెక్క. తన దారిలో లారీ అడ్డం పడలేదు, సీటు దొరికింది, దొరబాబు ఇంటి గుమ్మం ముందే కారు ఆపాడు. అయినా పది. ఆమెకి పదకొండు.

విమానం ఖాళీ అయిపోయింది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, దిగుతారా సర్ అంది. ఒక్క నిమిషం ఆగమ్మా అని చేత్తో సైగ చేశాడు. ఆ పిల్ల ఆగింది. దుర్గాశ్రీ నంబరు నొక్కాడు. రెండోసారి మోగకుండానే ఎత్తింది.

"దిగేరా నాన్నగారండీ? ఏమైనా తిన్నారా?"

ఊఁ అనబోయి ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు, అయినా సరిగ్గా రాలేదు, ఆపరేషను తనకే అయినట్టు.

"ఆ రోజు, పదకొండు గంటల్లో ఎలా రాగలిగేవమ్మా?"

 ఆసుపత్రిలో ఎవరిదో చక్రాల బండి పోతున్న చప్పుడు. ఊపిరి లోపలికి పీల్చి, ఈసారి వదిలిన శబ్దం.

"చెప్పు తెగిపోయింది నాన్నగారండీ. లేకపోతే ఇంకో పావుగంట ముందొచ్చేసేదాన్ని."